సెలవు ఫారంలో బావమరిది పెళ్లి

ఆ సోమవారం ఉదయం రవీంద్రనాథ్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ చల్లారేలోపు సెలవు ఫారం నింపి పంపేయాలి. అది 2021 అక్టోబరు నెల. ఏడాదిన్నరగా జర్మనీలో ఎష్‌బోర్న్‌లోని రెండు గదుల ఫ్లాటే ఆయనకు ఇల్లూ ఆఫీసూ సినిమాహాలూ అయి కూర్చుంది. టీకాలు రెండూ పడ్డాయి, విమానాలు మళ్లీ తిరుగుతున్నాయి. ఇక ఆగడం తన వల్ల కాదని, నవంబరులో తొమ్మిది రోజులు ఆఫ్రికా దక్షిణాన ఉన్న బోట్స్వానా వెళ్లి, ఓకవాంగో చిత్తడి నేలల్లో పక్షుల్ని చూసి రావాలని నిశ్చయించుకున్నాడు. అప్పుడక్కడ వానాకాలం మొదలవుతుంది. వానాకాలంలో యాత్రికులు తగ్గుతారు, పక్షులు పెరుగుతాయి. అందులోనూ ఏటి ఒడ్డు చెట్ల మీద కాపురముంటూ చేపలు పట్టుకు తినే అల్లం రంగు గుడ్లగూబ ఒకటుంది. దాన్ని కళ్లారా చూడాలని ఎనిమిదేళ్లుగా ఆయన కలవరిస్తున్నాడు. భార్య ఆదిలక్ష్మిని కూడా రమ్మన్నాడు. వానలో తడవడానికి అంతదూరం వెళ్లాలా, ఇక్కడ తడవడం లేదా అని ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది.

ఫారంలో మొదటి తేదీ, చివరి తేదీ రాశాక కింద ‘గమనిక’ అని ఒక గడి కనిపించింది. జర్మనీలో సెలవు ఉద్యోగి హక్కు. ఎందుకని ఎవరూ అడగరు, అడిగితే అమర్యాద. కాబట్టి ఆ గడి పుట్టిన నాటినుంచీ ఖాళీగానే బతుకుతోంది. రవీంద్రనాథ్ మాత్రం దాన్ని ఖాళీగా వదల్లేకపోయాడు. హైదరాబాదులో పదకొండేళ్లు ఆయన కమలాకర్ అనే మేనేజరు కింద పనిచేశాడు. కారణం లేని సెలవు కమలాకర్ దగ్గర చెల్లేది కాదు. పక్షులు చూడాలండీ అంటే, ఆదివారం మా డాబా మీదికి రా, బోలెడు పావురాలున్నాయి అనేవాడు. అందుకని పులికాట్ సరస్సుకు వెళ్లాలనిపించిన ప్రతిసారీ రవీంద్రనాథ్ ఒకే మేనత్త కూతురికి పెళ్లి చేస్తూ వచ్చాడు. అలా ఆమెకు మూడు పెళ్లిళ్లయ్యాయి. ఆ అలవాటు వేళ్లలో ఉండిపోయింది. గడిలో ‘బావమరిది పెళ్లి, విజయవాడ’ అని రాసి పంపేశాక గానీ కాఫీ గుర్తుకు రాలేదు.

నాలుగు నిమిషాల్లో ఆమోదం వచ్చింది. ఐదో నిమిషంలో ఫోనొచ్చింది. చేసింది ఫ్రౌ ల్యూడర్స్, అంటే ల్యూడర్స్ మేడమ్, ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ విభాగానికి పెద్ద. యాభై ఎనిమిదేళ్ల పొడుగాటి మనిషి, రైలు కంటే ముందు స్టేషనుకు చేరే రకం. ఇంటి సంగతి మీరు మాతో పంచుకున్నందుకు చాలా సంతోషం, ఈ మహమ్మారి రోజుల్లో ఒక పెళ్లి కబురు వినడం ఎంత బాగుందో అని ఆమె అంది. టీములో అందరూ కలిసి చెక్క పలక మీద వధూవరుల పేర్లు చెక్కించి ఇద్దామనుకుంటున్నారట. వరుడి పేరు కౌశల్ అని రవీంద్రనాథ్ నిజమే చెప్పాడు. వధువు పేరు అడిగేసరికి నోటికి మొదట వచ్చిన పేరు శ్రీవల్లి. అక్షరాలు ఒక్కొక్కటే చెప్పించుకుని మరీ ఆమె రాసుకుంది.

వంటింట్లోంచి అంతా విన్న ఆదిలక్ష్మి గరిటెతోనే బయటికి వచ్చింది.

“నా తమ్ముడికి నాతో మాటమాత్రం చెప్పకుండా పెళ్లి చేసేశారా?”

కౌశల్ నిజంగానే ఉన్నాడు, అదీ జర్మనీలోనే. కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. థీసిస్ ఒక కొలిక్కి రాక జుట్టు పీక్కుంటున్నాడు తప్ప వాడికి పెళ్లి ఊసే లేదు. అబద్ధమన్నాక ఒక కాలు నిజం మీద ఆనాలని రవీంద్రనాథ్ సిద్ధాంతం. అందుకే ఉన్న బావమరిదికే లేని పెళ్లి చేశాడు. ఉన్నమాట చెప్తే పోయేదేముందని ఆదిలక్ష్మి నిలదీసింది.

“ప్రోబెట్‌సైట్‌లో ఉన్నాను లక్ష్మీ. పిట్టల కోసం సెలవంటే పని మీద ధ్యాస లేదనుకోరూ?”

ఆ భయం ఉత్త భయం కాదు. ఆయన ఈ ఉద్యోగంలో చేరింది జూన్ పదిహేనున. ప్రోబెట్‌సైట్ అంటే ఆరునెలల పరీక్ష. డిసెంబరు పద్నాలుగుతో అది ముగుస్తుంది. ఆలోగా ఫ్రౌ ల్యూడర్స్ ఎదురుగా కూర్చుని ఆఖరిసారి మాట్లాడి, ఈ మనిషిని ఉంచుకోవచ్చని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగాన్ని పట్టుకునే, దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డు వేలాడుతోంది, బ్లూ కార్డును పట్టుకుని ఇల్లు వేలాడుతోంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణుక్కుంటూ ఆదిలక్ష్మి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నవంబరు పంతొమ్మిదిన రవీంద్రనాథ్ విమానమెక్కాడు. దిగినప్పటినుంచి వాన. టెంటు మీద వాన, పడవలో వాన, బైనాక్యులర్స్ లోపల కూడా వానే. కగీసో అనే గైడు పొద్దున్నే ఆయన్ని లేపి, ఏటి ఒడ్డున పెద్ద చెట్టు కిందికి తీసుకెళ్లి, పైకి వేలు చూపించి, నిన్న ఇక్కడే ఉంది అనేవాడు. మర్నాడు ఇంకో చెట్టు. అక్కడా నిన్ననే ఉంది. పక్షుల్ని చూడబోయే వాళ్లందరికీ నిన్న అనేది ఎంత గొప్ప రోజో అనుభవమే గనక రవీంద్రనాథ్ కోపం తెచ్చుకోలేదు. కాలి వేళ్లు నాని ముడతలు పడ్డా ఆయన మనసు మాత్రం గాల్లో తేలుతూనే ఉంది.

నాలుగో రోజు సాయంత్రం లాడ్జిలో ఇంటర్నెట్ వచ్చింది. దాంతోపాటే టీము వాళ్ల సందేశమూ వచ్చింది. పెళ్లి ఫోటో ఒక్కటి పంపమన్నారు. పంపకపోతే అనుమానిస్తారని ఆయన ఫోనంతా గాలించి, రెండేళ్ల కిందటి తన పెదనాన్న కొడుకు భాస్కర్ రావు పెళ్లి ఫోటో పంపాడు. మంచి ఫోటో. తలంబ్రాలు పోస్తున్నారు, వెనకాల బంధువులు కిటకిటలాడుతున్నారు. బాగుందని రాస్తారనుకుంటే అరపేజీ ఉత్తరం వచ్చింది. మూడు వందల మంది, ఒక్కరి ముఖానా మాస్కు లేదు. ఫ్రౌ ల్యూడర్స్ రాత్రంతా ఆలోచించిందట. తిరిగొచ్చాక ఒక వారం ఇంటినుంచే పనిచేసి, టెస్టు చేయించుకుని, డిసెంబరు ఆరు సోమవారం ఆఫీసుకు వస్తే ఆఖరి మాట అప్పుడు మాట్లాడుకుందామని రాసింది. రవీంద్రనాథ్ ఆమెను మనసులోనే దీవించాడు.

ఇరవై ఆరో తేదీన ఆ దీవెన ఎండిపోయింది. ఆ ప్రాంతంలో వైరస్ కొత్త రూపమెత్తిందని ప్రపంచమంతా గోలెత్తింది. జర్మనీ ఆ దక్షిణాది దేశాలన్నిటినీ ఒకే జాబితాలోకి ఎక్కించింది. ఆదివారం నుంచి అక్కడినుంచి వచ్చేవారెవరైనా, టీకా వేసుకున్నా వేసుకోకపోయినా, టెస్టులో ఏమీ లేదని తేలినా, పద్నాలుగు రోజులు ఇంటి గడప దాటకూడదు. రవీంద్రనాథ్ సోమవారం ఉదయం దిగాడు. అంటే డిసెంబరు పదమూడు దాకా ఖైదు. పద్నాలుగున పరీక్షాకాలం ఆఖరు. ఆ జాబితాలో ఇండియా లేదు. పద్నాలుగు రోజులు రాలేనంటే ఎందుకని ఆమె అడుగుతుంది. వెళ్తే చట్టం ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదిలక్ష్మి ఆయన్ని బాల్కనీ ఉన్న గదిలో పెట్టి, గుమ్మం దగ్గర కంచం పెట్టి తలుపు తట్టేది. ఆ తలుపుకు చెరో పక్క కూర్చుని ఇద్దరూ సోమవారానికి ఒక సాకు వెతికారు. పైపు లీకవుతోందని, బాగుచేసే మనిషి ఎనిమిదికీ నాలుగుకీ మధ్య వస్తాడని ఆయన రాశాడు. జర్మనీలో పైపుల మనిషి ఇచ్చిన వేళకు, అంటే టెర్మిన్‌కు ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. ఫ్రౌ ల్యూడర్స్ సానుభూతితో మంగళవారానికి మార్చింది. మంగళవారం ఆ మనిషి సామాను తేలేదని మళ్లీ వస్తున్నాడు. అదీ ఆమె నమ్మింది, తనకూ అలాగే అయిందని చెప్పింది. బుధవారానికి పైపుల మనిషి కూడా అరిగిపోయాడు గనక రవీంద్రనాథ్ మెట్ల మీద జారి కాలు బెణికించుకున్నాడు.

అయితే గురువారం పది గంటలకు నేనే వస్తాను అని జవాబొచ్చింది. ఎస్-బాన్ రైలు దిగితే పన్నెండు నిమిషాల నడకేనట. ఆమె కింద పెరట్లో నిలబడుతుందట, ఆయన బాల్కనీలో కాలు చాపుకుని కూర్చుంటే చాలట. దూరం దూరమే ఉంటుంది, పనీ అయిపోతుంది. చదివాక రవీంద్రనాథ్‌కు నిజంగానే కాళ్లు ఆడలేదు.

గురువారం తొమ్మిదింటికి ఇంకో ఫోన్ వచ్చింది. ఊరి కార్యాలయంవారు. ఆఫ్రికానుంచి వచ్చినవారు ఇంట్లోనే ఉంటున్నారో లేదో చూడ్డానికి ఈ ఉదయం మనిషి వస్తాడు, పిలిచినప్పుడు కనిపించండి అని మర్యాదగా చెప్పారు. ఏ వేళకని అడిగితే చెప్పలేమన్నారు. ఆదిలక్ష్మి కాలికి కట్టే పట్టీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“ఏ కాలని చెప్పారు ఆవిడకి?”

“చెప్పలేదు.”

“అయితే రెంటికీ కట్టేస్తా. ఏదడిగినా అదే ఉంటుంది.”

చివరికి ఎడమకాలికి కట్టు కట్టుకుని ఆయన బాల్కనీలో కూర్చున్నాడు. ఆరుమెట్ల ఎత్తున్న ఇల్లు, కింద చెత్తడబ్బాల వరస, అవతల గేటు. సన్నగా ముసురు పడుతోంది. సరిగ్గా పదింటికి ఫ్రౌ ల్యూడర్స్ వచ్చింది. ఒక చంకలో ఫైలు, ఇంకో చంకలో చెక్క పలక. కౌశల్ పేరు, శ్రీవల్లి పేరు అందంగా చెక్కి ఉన్నాయి, మధ్యలో చిన్న పువ్వు కూడా ఉంది. పలకను గోడకు ఆనించి, కాలెలా ఉందని అడిగి, ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టింది. రవీంద్రనాథ్ చెవులు ఆమె వైపూ కళ్లు గేటు వైపూ పెట్టాడు. పని బాగుందట, కోడు శుభ్రంగా ఉందట. గేటు దగ్గర ఎవరో ఆగి వెళ్లిపోయారు. టీములో కలుపుగోలుగా ఉంటాడట. ఇంకెవరో సైకిల్ దిగారు, పక్కింటివాళ్లు. చివరి వాక్యం దగ్గర ఆమె కళ్లజోడు సర్దుకుని, ఇది నేను చాలా ఇష్టంగా రాశానంది. ‘ఇతని మాట మీద ఆధారపడవచ్చు.’

అది విన్నాక ఆయన కూర్చోలేకపోయాడు. కట్టున్న కాలి మీదే లేచి నిలబడ్డాడు. వచ్చే అధికారి నోట ఆమె వినేకంటే తనే చెప్పడం మేలన్న లెక్క కొంత ఉందిగానీ, అంతకు మించి సిగ్గేసింది. ఈ మనిషి తన గురించి రాత్రంతా ఆలోచించింది, ముసురులో నడుచుకుంటూ వచ్చింది. పెళ్లి లేదని చెప్పాడు. విజయవాడ లేదు, శ్రీవల్లి లేదు, పైపు బాగానే ఉంది, కాలూ బాగానే ఉంది. తాను వెళ్లింది బోట్స్వానాకి, గుడ్లగూబ కోసం, అందుకే ఈ ఖైదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. లోపల గుమ్మం దగ్గర ఆదిలక్ష్మి కళ్లు మూసుకుంది.

ఫ్రౌ ల్యూడర్స్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది.

“సెలవుకు కారణం నేను అడగలేదు. అడిగే హక్కు కూడా నాకు లేదు. అడగని చోటే మీరు ఇంత కట్టారు. రేపు ప్రాజెక్టు ఆలస్యమై నేను అడిగానంటే, అప్పుడేం చెప్తారు?”

ఆమె పెన్ను తీసి చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. ఆ గీత కాగితం మీద పడిన చప్పుడు బాల్కనీలోకి వినిపించినట్టే అనిపించింది ఆదిలక్ష్మికి. ఇల్లు ఎప్పటికి ఖాళీ చేయాల్సి వస్తుందో అప్పుడే లెక్కపెట్టుకుంటోంది ఆవిడ. ఫ్రౌ ల్యూడర్స్ ఫైలు సంచిలో పెట్టుకుని నాలుగడుగులు వేసింది. ఐదో అడుగులో వెనక్కి తిరిగింది.

“ఆ గుడ్లగూబ కనిపించిందా?”

కనిపించిందంటే కాదనడానికి ఆమె దగ్గర ఆధారం లేదు. సాక్షులు కూడా లేరు. కానీ బావమరిదికి పెళ్లి చేయగల రవీంద్రనాథ్ చూడని పక్షిని చూశానని ఈ జన్మలో అనలేడు. ఆ పని మేనత్త కూతురి మూడు పెళ్లిళ్ల కాలంలో కూడా చేయలేదు.

“లేదండీ. తొమ్మిది రోజులూ వానే. చివరికి మీ జర్మనీ కొంగలే కనిపించాయి, ఇక్కడ ఇంటి కప్పుల మీద గూళ్లు కట్టేవి. చలికాలానికి అక్కడ చేరాయి. ఒకదాని కాలికి రింగు కూడా ఉంది, ఫోటో తీశాను.”

ఆమె సంచి కింద పడింది. రింగు మీద నెంబరు కనిపిస్తోందా అని అడిగింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఫ్రౌ ల్యూడర్స్‌ది బ్రాండెన్‌బుర్గ్‌లో చిన్న పల్లె. ముప్పై ఏళ్లుగా ప్రతి వేసవిలో అక్కడికి వెళ్లి, నిచ్చెనలెక్కి, కొంగపిల్లలు పెద్దయ్యాక ఎక్కడికి ఎగిరిపోతాయో తెలియడానికి వాటి కాళ్లకు నెంబరు రింగులు తొడుగుతోంది. ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక. తొడిగిన వందల రింగుల్లో ఆఫ్రికానుంచి తిరిగి కబురందింది రెండింటికేనట. ఫోటో మెయిల్లో పంపిస్తానని రవీంద్రనాథ్ అన్నాడు. సాయంత్రం దాకా ఆగమనడం అన్యాయమని ఆమె అంది.

ఆయన లోపల్నుంచి కెమెరా తెచ్చాడు. ఆయన కిందికి దిగకూడదు, ఆమె లోపలికి రాకూడదు. అగ్గిపెట్టెంత తెర, దాని మీద ముసురు. ఆమె మాస్కు పైకి లాక్కుని, కాగితాల చెత్తడబ్బాను బాల్కనీ కిందికి దొర్లించింది. మూత వంగిపోతుందేమోనని దాని మీద చెక్క పలక పరిచి, సైకిల్ స్టాండు ఆసరాగా ఎక్కి నిలబడింది. తమ్ముడి పేరు మీద బూటుకాలు పడేసరికి ఆదిలక్ష్మి అనుకోకుండా చెంపలేసుకుంది. రవీంద్రనాథ్ చేయి చాపినంత మేరా చాచి కెమెరా పట్టుకున్నాడు. ఆమె ఒక చేత్తో కటకటాలు పట్టుకుని, కళ్లు చికిలించి, అంకెలు ఒక్కొక్కటే చదువుతోంది. మూడో ఎనిమిదో తేలని అంకె దగ్గర గేటు కిర్రుమంది.

ఊరి కార్యాలయం జాకెట్ తొడుక్కున్న మనిషి లోపలికి వచ్చాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. డబ్బా మీదున్న మనిషిని కింది నుంచి పైదాకా చూశాడు.

“ఆ ఇల్లు క్వారంటీన్‌లో ఉంది. మీరు అక్కడేం చేస్తున్నారు?”

ఉన్నమాట చెప్పొచ్చు. తన దగ్గర పనిచేసే మనిషి అనీ, కొంగ కాలు చూడ్డానికి ఎక్కాననీ అనొచ్చు. అంటే ఆ కాగితంలో ఆమె పేరు చేరుతుంది, ఆ తర్వాత ఆమెకూ ఎన్ని రోజులు పడతాయో ఎవరికీ తెలియదు. ఫ్రౌ ల్యూడర్స్ ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

“ఈ ఇంటివాళ్లు చెత్త సరిగ్గా వేరు చేస్తున్నారో లేదో చూస్తున్నాను.”

అధికారి ముఖం వికసించింది. ఇలాంటివారు ప్రతి వీధికీ ఒకరుంటే చాలన్నాడు. రవీంద్రనాథ్ పేరు అడిగి, ముఖం చూసి, కాగితం మీద టిక్కు పెట్టుకుని, పెద్దావిడ దిగేదాకా డబ్బా కదలకుండా పట్టుకుని మరీ వెళ్లిపోయాడు.

గేటు మూసుకుంది. ఆమె ముఖం మాస్కు దాటి ఎర్రబడింది.

“అతను అడిగాడు కదా,” అంది చివరికి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

“అవునండీ,” అన్నాడు రవీంద్రనాథ్. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనకుండా నోరు మూసుకున్నాడు.

ఆమె ఫైలు మళ్లీ తీసింది. డబ్బా మూత మీద పెట్టి, కొట్టేసిన వాక్యం పైన ఇంకో వాక్యం రాసి, అడుగున సంతకం పెట్టి, పైకెత్తి చూపించింది. ‘పక్షుల విషయంలో ఇతని మాట మీద పూర్తిగా ఆధారపడవచ్చు’ అని ఉంది. ఉద్యోగం నిలిచింది. రవీంద్రనాథ్ కుర్చీలో కూలబడ్డాడు. లోపల ఆదిలక్ష్మి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది.

ఇక వెళ్తుందనుకుంటే ఫ్రౌ ల్యూడర్స్ వెళ్లలేదు. ఒక అధికారికి మాటిచ్చానంది. పలక పక్కన పెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, డబ్బా మూత తెరిచింది. పావుగంటసేపు ఒక్కొక్క కాగితమే పైకి తీసి చూసి, అడుగున జున్ను అంటుకున్న పిజ్జా పెట్టెలు మూడు బయటికి లాగింది. నూనె మరకలున్న అట్ట ఇందులో వేయకూడదని బాల్కనీ వైపు చూపించింది. అవి తమవి కావని రవీంద్రనాథ్ చెప్పాడు. అది నూటికి నూరుపాళ్లు నిజం గానీ, ఆమె నమ్మలేదు.